పెళ్ళిలో ఎన్ని 'ళ'లు?

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు వచ్చింది. గుమ్మంలో చెప్పులైనా సరిగ్గా విడవకుండా, "అత్తా, పెళ్ళిలో ఎన్ని 'ళ'లు?" అని అడిగింది. పిల్లకి ఇరవై ఏడేళ్ళు. పెళ్ళి అనే మాట దాని నోటంట తనంత తాను రావడం అదే మొదటిసారి. పొయ్యిమీది పాలు వదిలేసి, కాస్త ఆశగానే ఇవతలికి వచ్చాను. తీరా చూస్తే దానికి కావలసింది పెళ్ళి కాదు, ఆ మాటకి స్పెల్లింగు.

సంగతేమిటంటే, ఆ పిల్లా, దాని స్నేహితురాళ్ళు నలుగురూ కలిసి ఒక పనికి పూనుకున్నారు. మా ఊళ్ళో పాతకాలపు మహిళామండలి గ్రంథాలయం ఒకటి ఉంది. రెండు ఇనప బీరువాలు, వాటినిండా స్త్రీల కోసం వచ్చిన పాత పత్రికలు. 1902లో మొదలైన 'హిందూ సుందరి' విడి సంచికలు కొన్ని, 1928లో మొదలైన 'గృహలక్ష్మి' బైండు పుస్తకాలు కొన్ని, అట్టలు ఊడిపోయి పేరు కూడా తెలియనివి మరికొన్ని. చెదపురుగులు వాటిని చదవడం పూర్తిచేసేలోగా, వీళ్ళు పేజీలన్నీ ఫొటోలు తీసి, ముఖ్యమైన రచనలు టైపు చేసి, ఎక్కడున్న వాళ్ళయినా చదువుకునేలా ఒక వెబ్‌సైటులో పెడుతున్నారు. ఐదుగురు కూర్చుని టైపు చేస్తే ఒకే మాట తలా ఒక రకంగా తయారైంది. ఒకమ్మాయి 'పెళ్ళి' అని కొట్టింది. ఇంకో అమ్మాయి 'పెళ్లి' అంది. మూడో అమ్మాయి కాగితం మీద ఉన్నట్టే 'పెండ్లి' అని ఉంచింది. స్త్రీల పత్రికల్లో పెళ్ళి లేని పేజీ ఎక్కడుంటుంది చెప్పండి! వెతకడానికి ఒక రూపం కొడితే మిగిలిన రెండు రూపాల్లో ఉన్న వ్యాసాలు బయటికి రావడం లేదు. వీళ్ళు వాడుతున్న ఏర్పాటుకి అర్థంతో పనిలేదు. దానికి అక్షరమే బ్రహ్మ.

"నువ్వు ఇన్ని నవలలు రాశావు గదా, మాకొక స్టైల్ గైడు రాసిపెట్టు అత్తా. ఒక పేజీ చాలు" అంది.

స్టైలు అనగానే మనకి జాకెట్టు చేతులూ, జడముడులూ గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. ఒక పత్రికలోనో, ఒక ప్రచురణ సంస్థలోనో ఏ మాటని ఎలా రాయాలి, పేర్లు ఎలా వేయాలి, అంకెలు ఎలా వేయాలి అని ముందుగా అనుకుని పెట్టుకున్న కట్టుబాటు. ఇంటింటికీ ఒక ఆవకాయ కొలత ఉన్నట్టే, అచ్చాఫీసు అచ్చాఫీసుకీ ఒక రాత పద్ధతి. ఇంగ్లీషు వాళ్ళలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయాన్ని చూసిన హోరేస్ హార్ట్ అనే ఆయన 1893లో తన కంపోజిటర్ల కోసం ఒక్క కాగితం మీద ఇలాంటి నియమాలు అచ్చువేసి ఇచ్చాడు. అది పెరిగి పెరిగి పుస్తకమై, 1904లో బయటి వాళ్ళకీ అమ్మకానికి వచ్చింది. మరో రెండేళ్ళకి షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళది వచ్చింది. ఒక్క కాగితంతో మొదలైన పని అక్కడ ఆగలేదన్న మాట. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే మేనకోడలికి అంత సులువుగా మాట ఇచ్చేదాన్ని కాదు.

మన దగ్గర ఈ కథ ఇంకా పాతది. అంతకంటే తగాదాలున్నది.

తాటాకుల కాలంలో ఈ బెంగ ఎవరికీ లేదు. రాసేవాడి చెయ్యి ఎటు పోతే అక్షరం అటు పోయేది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. 1820లో కడపకి ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌను దొర తెలుగు పుస్తకాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాక ఈ గందరగోళం ఆయన నెత్తిన పడింది. కడపలో ఒక బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చూసి, తేడాలు గుర్తుపెట్టి, శుద్ధప్రతి రాయించేవాడు. ఆ పండితులకి జీతాలివ్వడానికి అప్పులు కూడా చేశాడు. 1852లో వచ్చిన ఆయన నిఘంటువులో కావ్యాల మాటల పక్కనే జనం మాట్లాడుకునే మాటలు కూడా కూర్చున్నాయి. మా మేనకోడలూ, దాని స్నేహితురాళ్ళూ ఇప్పుడు చేస్తున్న పనే ఇది. అప్పులు మాత్రం ఇంకా చెయ్యలేదు.

బ్రౌను పోగుచేశాడు. కట్టుబాటు చేసింది మాత్రం పరవస్తు చిన్నయసూరి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. 1853లో 'నీతిచంద్రిక', 1858లో 'బాలవ్యాకరణం' తెచ్చారు. పేరులో 'బాల' ఉందని పిల్లలదనుకునేరు! పెద్దపెద్ద వాళ్ళకే దాంతో తల తిరిగిపోయేది. 'నీతిచంద్రిక' బడిపుస్తకమైంది. తరాల తరబడి పిల్లలు మిత్రలాభం, మిత్రభేదం వల్లించి, తెలుగు వచనమంటే అలాగే ఉండాలనుకున్నారు. సూరిగారి పుస్తకాలు రెండూ కలిసి తెలుగు అచ్చుకి తొలి స్టైల్ గైడు అయి కూర్చున్నాయి. అరసున్నలు, బండి 'ఱ'లు, సంధులు, ద్రుతాలు ఒక్కటి తప్పినా పండితుడు కళ్ళెర్రజేసేవాడు.

ఆ వ్యాకరణంలో ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. మీరూ ఒక్క నిమిషం ఆగాలి.

పేర్లని మహత్తులు, అమహత్తులు అని రెండుగా విడదీశారు. మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు. పశువులు, పక్షులు, రాళ్ళు, రప్పలు అమహత్తులు. మరి ఆడవాళ్ళు? ఏకవచనంలో అమహత్తులతోను, బహువచనంలో మహత్తులతోను. అర్థం కాలేదా? 'ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది.' 'ఆవులు వచ్చాయి, అమ్మాయిలు వచ్చారు.' ఒక్కతే ఉన్నంతసేపూ ఆవుతో జమ. ఇద్దరైతే మనుషుల్లో జమ!

ఇది సూరిగారు కల్పించింది కాదు, ఆయన్ని అనకూడదు. భాషలో ఉన్నదే ఆయన సూత్రంలో పెట్టారు. పక్కనున్న తమిళంలో 'వందాన్, వందాళ్, వందదు' అని మగవాడికి, ఆడమనిషికి, వస్తువుకి మూడూ వేరువేరు. కన్నడంలోనూ అంతే. 'బందను, బందళు, బందితు.' మనకే ఆ మధ్యది లేకుండా పోయింది.

ఇదేదో ఆడవాళ్ళ మీద కక్షగట్టి చేసింది కాదని భాషాశాస్త్రం తెలిసిన వాళ్ళు నచ్చజెబుతారు. ఒప్పుకుంటాను. నేను కూడా ఈ వ్యాసం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మేనకోడల్ని 'అది', 'దాని' అనే అంటున్నాను. మీలో ఒక్కరైనా తప్పుపట్టారా? ఆ 'అది'లో నా ముద్దు ఉంది, చనువు ఉంది. కాని అచ్చులో, తెలియని వాళ్ళ గురించి రాసేటప్పుడు, ఆ ముద్దూ చనువూ ఎవరిచ్చారు మనకి?

విచిత్రమేమిటంటే, గ్రాంథిక భాషలో ఈ చిక్కు ఇంతగా పైకి కనిపించేది కాదు. కథ చెప్పేటప్పుడు ఎక్కువగా వాడే రూపం అందరికీ ఒకటే. రాముడు వచ్చెను, సీత వచ్చెను, లేడి వచ్చెను. అందరూ ఒకే పీటమీద. వాడుక భాషలోకి దిగగానే రాముడు వచ్చాడు, సీత వచ్చింది, లేడి కూడా వచ్చింది. వాడుక భాష మన బతుకుల్ని పుస్తకాల్లోకి తెచ్చింది. దాంతోపాటే, రాసేవాళ్ళకి వాక్యం వాక్యానికీ ఒక ప్రశ్న తెచ్చిపెట్టింది. ఈమెను 'వచ్చింది' అనాలా, 'వచ్చారు' అనాలా?

ఆ వాడుక భాష మాత్రం ఊరికే రాలేదు. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకుని, వాళ్ళకి పుస్తకాలు రాసిన మనిషి. బడిలో పిల్లలకి వాళ్ళ నోటి మాట కాని మాటలో చదువు చెబితే ఏమవుతుందో కళ్ళారా చూసినవారు. పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, వీళ్ళంతా ఒక జట్టు. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు అవతలి జట్టు. స్కూలు ఫైనలు పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది గొడవ. దానిమీద సంఘం వేశారు. సంఘంలో ఎక్కువమంది ఒకవైపు ఉంటే, గురజాడ 1914లో తన అసమ్మతిని పుస్తకమంత పత్రంగా రాసిచ్చారు. ఆ మరుసటేడే ఆయన పోయారు.

గిడుగువారి యుద్ధ తంత్రం నాకు భలే నచ్చుతుంది. గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనలనే తీసుకుని, అందులో వాళ్ళ వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి, చూపించేవారు. మీరు కట్టిన గోడ మీరే దాటలేక పడుతున్నారు, పసిపిల్లల్ని దాటమంటారా అని ఆయన వాదన. జీవితమంతా గ్రాంథికానికి దగ్గరగానే రాసిన కందుకూరి వీరేశలింగంగారు 1919లో, పోయే ముందు, వాడుక భాష కోసం రాజమండ్రిలో పెట్టిన సమాజానికి అధ్యక్షులయ్యారు. ఇక గిడుగువారు 1940 జనవరి 15న పత్రికా సంపాదకుల ముందు తన చివరి విన్నపం చేసుకున్నారు. వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు. ఆఖరి మాట సంపాదకులకే చెప్పడం చూడండి! బడిపుస్తకం కంటే పత్రికే భాషని నిలబెడుతుందో, కూలదోస్తుందో అని ఆయనకి తెలుసు.

ఈ మహామహుల తగాదాలో ఆడవాళ్ళ ఊసు ఎక్కడా వినపడదు. కాని ఆ బీరువాలో పత్రికలు తిరగేస్తే ఒకటి తెలుస్తుంది. భండారు అచ్చమాంబగారి కథలు 'హిందూ సుందరి'లో 1902లోనే వచ్చాయి. గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళ ముందు. అందులో 'స్త్రీవిద్య' అనే కథ మొగుడూ పెళ్ళాల సంభాషణగా నడుస్తుంది. ఆవిడ బడికి వెళ్ళిన మనిషి కాదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఏ సంఘమూ అనుమతి ఇవ్వకముందే ఇల్లాళ్ళ మాటలు కథగా కూర్చుకున్నారు.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మొదలైన 'ఆంధ్రపత్రిక' కాలంనాటి బరువైన భాష మెల్లమెల్లగా తేలికపడింది. తాపీ ధర్మారావుగారు 'జనవాణి'లో సంపాదకీయాలే వాడుక భాషలో రాశారు. నార్ల వెంకటేశ్వరరావుగారు దానికి పదును పెట్టారు. 1974లో 'ఈనాడు' వచ్చింది. అక్కడి పాత్రికేయ పాఠశాలలో బూదరాజు రాధాకృష్ణగారు కొత్తగా చేరిన కుర్రవాళ్ళకి ఏ మాట ఎందుకు రాయాలో, ఎందుకు రాయకూడదో పాఠాలు చెప్పి, వాటిని పుస్తకాలుగా కూడా తెచ్చారు. ఆయన చేతికింద తయారైన వాళ్ళు ఇప్పటికీ పత్రికల్లో ఉన్నారు. ఒకప్పుడు వ్యాకరణం చేసిన పనిని పత్రికాఫీసు చేతికి తీసుకుంది.

కాని పత్రికలవాళ్ళ తెలుగు ఎవరి తెలుగు? శిష్ట వ్యవహారం అన్నారు. అంటే చదువుకున్న వాళ్ళు మాట్లాడేది. ఏ ఊళ్ళో చదువుకున్న వాళ్ళు? చాలాకాలం దానికి జవాబు కృష్ణా, గోదావరుల చుట్టుపక్కలే తిరిగింది. నా మొదటి నవల సీరియల్‌గా వచ్చిన రోజుల్లో ఒకటి జరిగింది. ఆ పత్రిక పేరు ఇప్పుడెందుకు లెండి. అందులో వరంగల్లు పక్క పల్లెలో ఉండే ముసలమ్మ ఒకావిడ ఉంది. మా అమ్మమ్మే. ఆమె మనవరాలిని "మంచిగున్నవా బిడ్డా" అని పలకరిస్తుంది. అచ్చులో "బాగున్నావా అమ్మాయ్" అని వచ్చింది. వారం వారం అంతే. ఎవరో పాపం శ్రద్ధగా దిద్దుతున్నారు, వాళ్ళ రాత పద్ధతి అది. నేను పత్రిక తీసుకుపోయి మా అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆమె చెవి ఒగ్గి విని, "ఎవరే ఈమె? బెజవాడామె లెక్కున్నది" అంది. నేను నవ్వాను గాని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కొత్త రచయిత్రిని. అడగడానికి ధైర్యం చాలలేదు. పుస్తకంగా వచ్చినప్పుడు ఆ పలకరింపులన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. అప్పటికి వినడానికి అమ్మమ్మ లేదు.

అందుకే మా మేనకోడలు "పాత కథల్లో కూడా మాటలన్నీ ఒకే రకంగా మార్చేద్దాం, వెతకడం సులువు" అన్నప్పుడు నేను గట్టిగానే వద్దన్నాను. వందేళ్ళ కిందట ఎవరో ఇల్లాలు అరసున్నతో రాస్తే అరసున్నే ఉండాలి. 'పెండ్లి' అంటే 'పెండ్లి'యే. ఆమె 'వొద్దు' అన్నదాన్ని మనం 'వద్దు' అనకూడదు. "మరి వెతికేవాళ్ళకి దొరకడం ఎలా?" అంది. దొరకని గొంతు ఉండీ ప్రయోజనం లేదు, అదీ నిజమే. దానికి దాని స్నేహితురాలు ఒకమ్మాయి ఉపాయం చెప్పింది. రచన లోపల ఉన్నది ఉన్నట్టు. ప్రతి రచనకీ పైన వేసే చీటీలో మాత్రం ఇప్పటి రూపం ఒకటే, దాని పక్కన మిగతా రూపాలన్నీ. 'పెళ్ళి' అని వెతికినా, 'పెళ్లి' అని వెతికినా, 'పెండ్లి' అని వెతికినా ఒకే పందిరి కిందికి రావాలి. ఇంతకీ చీటీలో ఏ రూపం పెట్టారంటారా? ఒత్తు 'ల' పెట్టారు, ఇప్పుడు ఎక్కువమంది అలాగే కొడుతున్నారని. నేను మాత్రం ఒత్తు 'ళ' వదలలేను. ఈ పత్రికవాళ్ళు నా 'ళ'లని ఉంచారో, దిద్దారో మీరు చూస్తూనే ఉన్నారు.

కంప్యూటరుకి సంబంధించిన సంగతులు మాత్రం ఆ పిల్లలే నాకు చెప్పారు. ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలో ఒక్కో తెలుగు పత్రికది ఒక్కో ఫాంటు. ఒకరి అక్షరాలు ఇంకొకరి దగ్గర పిచ్చిగీతలుగా కనిపించేవి. యూనికోడ్ అనేది లోకంలో లిపులన్నిటికీ ఒకే లెక్క ప్రకారం స్థానాలు ఇచ్చే ఏర్పాటు. 1991లో వచ్చిన దాని తొలి కూర్పులోనే తెలుగుకి చోటు దొరికినా, అది అందరి ఇళ్ళలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అరసున్న, బండి 'ఱ' మొదటినుంచీ అందులో ఉన్నాయట. పాత అచ్చుల్లో కనిపించే నకారపొల్లుకి మాత్రం 2021 దాకా స్థానం రాలేదు. నూటపాతికేళ్ళ కిందటి కంపోజిటరు గూట్లోంచి చటుక్కున తీసి పెట్టిన అక్షరం కోసం మన పిల్లలు అన్నేళ్ళు కాచుకున్నారన్న మాట.

ఇంకో తమాషా విన్నాను. 'హైదరాబాద్'కి 'లో' చేర్చి కొడితే ద కింద ల ఒత్తు వచ్చి 'హైదరాబాద్లో' అవుతుంది. చదివేవాళ్ళ నాలుక మడతపడుతుంది. అలా కాకుండా 'హైదరాబాద్‌లో' అని విడిగా నిలబెట్టాలంటే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి కొట్టాలట. కనపడదు గాని ఉంటుంది. వెతికేటప్పుడు అదొక్కటి తేడా వచ్చినా మాట దొరక్కపోవచ్చు! ఇది విని మా అమ్మ, కూరగాయలు తరుగుతూ, "హైదరాబాదులో అనరాదూ?" అంది. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. బస్సు, కారు, రైలు, హైదరాబాదు. ఏ దేశపు మాట వచ్చినా చివర ఒక ఉకారం తగిలించి ఇంట్లో కలుపుకోవడం మన పాత అలవాటు. ఆ అలవాటు ఉన్నన్నాళ్ళూ కనపడని అక్షరంతో పని పడలేదు. ఆ నియమం అలాగే రాసుకున్నారు. ఊళ్ళ పేర్లు, వాడుకలో నలిగిన మాటలు ఉకారంతో. వ్యక్తుల పేర్లు, కొత్త మాటలు వాళ్ళు రాసుకున్నట్టు.

అసలు పేచీ రచయిత్రుల పరిచయాల దగ్గర వచ్చింది. ఐదుగురూ తలా కొన్ని రాసుకొచ్చారు. ఒకమ్మాయి కాగితంలో 'గురజాడ అప్పారావు గారు రచించారు' అని ఉంది. అదే కాగితంలో రెండు పంక్తుల కింద 'అచ్చమాంబ రచించింది' అని ఉంది. ఆ పిల్లని అనడానికి లేదు. పత్రికల్లో మనం రోజూ చదివేది అదే. డాక్టరమ్మ 'చెప్పారు', ఆమె దగ్గర పనిచేసే ఆయా 'చెప్పింది'. మంత్రిగారి భార్య 'వచ్చారు', ఫిర్యాదు ఇచ్చిన ఇల్లాలు 'వచ్చింది'. 'ఆయన', 'ఆవిడ', 'ఆమె', 'అతను', 'అది' అనే ఐదు మెట్ల మీద ఎవరిని ఏ మెట్టున కూర్చోబెట్టాలో కాగితం మీద ఎక్కడా లేకపోయినా, రాసే చేతికి తెలుసు. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. కవి ఎంత గొప్పవాడైతే అంత ఏకవచనం. తిక్కన రాశాడు, పోతన రాశాడు. అది గౌరవమే. మొల్ల రాసింది అన్నప్పుడు కూడా అదే గౌరవమా?

రెండు గంటలు వాదించుకున్నారు. అందరికీ 'రాశారు' అంటే వాక్యం గౌరవాలతో బరువెక్కిపోతుందని ఒకరు. 'రాసింది' అనడంలో తప్పేముంది, అది మన తెలుగు, దాన్ని చూసి ఎందుకు సిగ్గుపడాలని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. నా ఓటు అడిగితే, ఒక వాక్యంలో ఒక మగవాడూ ఒక ఆడమనిషీ ఉంటే ఇద్దరికీ ఒకే పీట వెయ్యమన్నాను. ఆయన 'రాశారు' అయితే ఆమె 'రాశారు'. ఆమె 'రాసింది' అయితే ఆయన 'రాశాడు'. చివరికి పరిచయాలన్నిటా 'రాశారు' అని తేల్చుకున్నారు. ఆయాకి కూడా. బీరువాలో దొరికిన ఉత్తరాల్లో 'ఒక సోదరి' అని మాత్రమే సంతకం చేసిన పేరులేని మనిషికి కూడా.

పేర్ల సంగతి మాత్రం ఇంకా తెగలేదు. పేరు మొదటి అక్షరాన్ని బట్టి వరస పెట్టాలి గదా. మనకి ఇంటిపేరు ముందు. భండారు అచ్చమాంబ 'భ' కింద వస్తారు. అందులోనూ కొందరు 'బండారు' అని రాశారు గనక 'బ' కిందా వెతకాలి. అది అలా ఉంచండి. ఆవిడ పుట్టిల్లు కొమర్రాజు వారిది. పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పిన ఆ తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిగా కూర్చడానికి పూనుకున్నవారు. ఒకే తల్లి పిల్లలు, ఒకే దీపం దగ్గర చదువుకున్న వాళ్ళు. అక్షరాల వరసలో తమ్ముడు 'క' దగ్గర, అక్క 'భ' దగ్గర! మాలతీ చందూర్ గారిని ఏ అక్షరం కింద వెతకాలి? కొందరికి ఆ అదృష్టం కూడా లేదు. ఫలానావారి భార్య అని సంతకం చేసిన వాళ్ళున్నారు. వాళ్ళని ఆ ఫలానావారి అక్షరం కిందే పెట్టాలి.

నిన్న రాత్రి తొమ్మిదింటికి మేనకోడలు ఫోను చేసింది. నా పాత కథలు రెండు ఆ బీరువాలోని సంచికల్లో దొరికాయట. పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో రాసినవి. నవలలన్నీ అత్తింటి పేరుతో ఉన్నాయి.

"నిన్ను ఏ అక్షరం కింద పెట్టాలి అత్తా?" అంది.

రెండు రోజులు గడువు అడిగాను.